డాలరున్నర మూలధనం

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కళాశాలకు అధిపతిగా ఉండే వ్యక్తిని అధ్యక్షుడని వ్యవహరిస్తారు. మన దేశంలోని ప్రిన్సిపాల్ పదవితో దీనిని కొంతవరకు పోల్చవచ్చు గాని రెండూ ఒకటి కావు. బోధన, క్రమశిక్షణ, పరీక్షలు ప్రిన్సిపాల్ బాధ్యతలు. అధ్యక్షునికి వీటితోపాటు మరొక భారం ఉంటుంది. కళాశాల నడవడానికి కావలసిన ధనాన్ని సమకూర్చవలసినవాడు అతడే. ప్రభుత్వ సహాయం లేని సంస్థలలో ఈ భారమే అన్నింటికంటె పెద్దది. సంపన్నుల గడపలు ఎక్కాలి, ఉత్తరాలు రాయాలి, సభలలో మాట్లాడాలి, కాదన్న చోటికే మళ్ళీ వెళ్ళాలి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో ఈ భారాన్ని ఒక స్త్రీ, అందునా బానిసలుగా బతికిన తల్లిదండ్రులకు పుట్టిన నల్లజాతి స్త్రీ, దాదాపు నాలుగు దశాబ్దాలపాటు మోసింది. ఆమె పేరు మేరీ మెక్లౌడ్ బెతూన్. ఇతరులను అడగడం ఆమెకు నిత్యకృత్యం. అడిగి తెచ్చుకున్న డబ్బుకు తలవంచకుండా ఉండడం అంతకంటె కష్టమైన పని. ఆమె జీవితమంతా ఈ రెండింటి నడుమ సాగింది.

మేరీ 1875 జూలై 10న దక్షిణ కరొలైనా రాష్ట్రంలోని మేస్‌విల్ అనే చిన్న ఊరి సమీపంలో జన్మించింది. తండ్రి శామ్యూల్, తల్లి పాట్సీ. వారి పదిహేడుమంది సంతానంలో మేరీ పదిహేనవది. ఆమె అన్నలలో, అక్కలలో పలువురు బానిసలుగానే పుట్టారు. ఆ రాష్ట్రంలో బానిసలకు రాయడం నేర్పడాన్ని 1740లోనే చట్టం నిషేధించింది. 1834 నాటికి చదవడం నేర్పడం కూడా నేరమైంది. అంతర్యుద్ధం ముగిసిన తరువాత 1865లో రాజ్యాంగ సవరణ ద్వారా బానిసత్వం రద్దయింది. కాని వంద సంవత్సరాలకు పైగా మూసి ఉంచిన తలుపు ఒక్క సంతకంతో తెరుచుకోలేదు. స్వేచ్ఛ వచ్చిన పదేళ్ళకు పుట్టిన మేరీ ఇంటిలో అక్షరం ముక్క వచ్చినవారు ఒక్కరూ లేరు. తల్లి పాత యజమాని ఇంటనే పనిచేసి, కూడబెట్టిన కొద్ది సొమ్ముతో కుటుంబానికి కొంత భూమి సంపాదించింది. అందరూ ఆ నేలలో పత్తి పండించేవారు. పిల్లలకు నడక వచ్చిన కొన్నేళ్ళకే చేలో పని మొదలయ్యేది.

ఒకనాడు తల్లితో కలిసి తెల్లవారి ఇంటికి వెళ్ళిన మేరీ, అక్కడి పిల్లలు ఆడుకునే గదిలో ఒక పుస్తకం చూసి చేతిలోకి తీసుకుంది. ఆ ఇంటి బాలిక వెంటనే పుస్తకం కింద పెట్టమంది. నీకు చదవడం రాదు కదా అని కారణం కూడా చెప్పింది. ఈ సంఘటనను మేరీ పెద్దయ్యాక ఎన్నో సభలలో చెప్పింది. పలుమార్లు చెప్పిన కథ కొంత మెరుగుపడడం లోకసహజం. అయినా ఇందులోని సారాంశాన్ని శంకించవలసిన పనిలేదు. ఆ బాలిక కోపంతో అన్న మాట కాదది. ఆకాశం పైన ఉంటుంది, నేల కింద ఉంటుంది అన్నంత మామూలుగా అన్న మాట. తెల్లవారికీ తమకూ మధ్య ఉన్న తేడా అంతా ఈ చదవడంలోనే ఉన్నదని ఆ చిన్నవయసులో మేరీకి తోచింది.

కొంతకాలానికి మేస్‌విల్‌లో ప్రెస్బిటీరియన్ క్రైస్తవ సంఘంవారు నల్లజాతి పిల్లల కోసం ఒక బడి తెరిచారు. ఎమ్మా విల్సన్ అనే నల్లజాతి ఉపాధ్యాయిని అందులో బోధించేది. ఆ ఇంటినుంచి అందరు పిల్లలనూ పంపడం సాధ్యం కాదు. పొలం పని ఆగిపోతుంది. అందుచేత ఒక్క మేరీనే పంపారు. ఆమె రోజూ మైళ్ళకొద్దీ నడిచి బడికి వెళ్ళి, సాయంకాలం ఇంటికి వచ్చి తాను నేర్చుకున్నది తక్కినవారికి నేర్పేది. ఆమె చదువువల్ల కలిగిన మొదటి లాభం ఇరుగుపొరుగుకు పత్తి తూకం దగ్గర తెలిసింది. అంతవరకు వ్యాపారి చెప్పినదే తూకం, ఇచ్చినదే ధర. ఇప్పుడు లెక్క కట్టగల ఒక పిల్ల ఊళ్ళో ఉంది. నల్లవారే గాక తెల్ల రైతులు కూడా తమ లెక్కలు చూసిపెట్టమని ఆమెను అడిగేవారు.

ఊరిబడి చదువు ముగిసింది. పై చదువుకు దారి కనబడలేదు. అప్పుడు ఎక్కడో వేల మైళ్ళ దూరాన కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ నగరంనుంచి సహాయం వచ్చింది. మేరీ క్రిస్మన్ అనే తెల్లజాతి స్త్రీ బట్టలు కుట్టి జీవించేది. తన స్వల్ప సంపాదనలో కొంత భాగాన్ని తీసి, చదువును సద్వినియోగం చేసుకోగల ఒక నల్లజాతి బాలికకు ఇవ్వమని పంపింది. ఎమ్మా విల్సన్ ఆ సహాయానికి మేరీ పేరు సూచించింది. ఈ విధంగా ఒక దర్జీపని చేసుకునే స్త్రీ ధర్మంతో 1888లో మేరీ ఉత్తర కరొలైనాలోని స్కోషియా సెమినరీలో చేరింది. తరువాతి కాలంలో కోటీశ్వరులు ఎందరో ఆమెకు చెక్కులు రాశారు. వారి దానాలు భవనాల పేర్లలో నిలిచాయి. వాటన్నిటికీ మూలమైన క్రిస్మన్ దానం మాత్రం ఒక వాక్యంలో గడిచిపోతుంది. ఆ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగడం న్యాయం.

స్కోషియాలో నల్లజాతి ఉపాధ్యాయినులు, తెల్లజాతి ఉపాధ్యాయినులు కలిసి పనిచేసేవారు. మేరీకి అది సరికొత్త దృశ్యం. అక్కడినుంచి 1894లో షికాగోలోని మూడీ బైబిల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి ఒక సంవత్సరం చదివింది. ఆఫ్రికా వెళ్ళి మతబోధకురాలిగా సేవ చేయాలన్నది ఆమె ఆశయం. అయితే నల్లజాతివారికి ఆఫ్రికాలో ఉద్యోగాలు లేవని మిషన్ సంఘం జవాబిచ్చింది. ఆఫ్రికాలో పనిచేయడానికి ఆఫ్రికా సంతతివారు పనికిరారన్న ఈ తీర్పులోని వింతను వేరుగా వివరించనక్కరలేదు. తన జీవితంలో కలిగిన అతిపెద్ద నిరాశ అదేనని మేరీ చెప్పుకుంది. తిరిగి దక్షిణాదికి వచ్చి జార్జియాలోని అగస్టా నగరంలో లూసీ లేనీ నడిపే పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరింది. లేనీ కూడా నల్లజాతి స్త్రీయే. ఒక స్త్రీ తన సంకల్పబలంతో పాఠశాలను నెలకొల్పి నడపగలదన్న సంగతిని మేరీ అక్కడ ప్రత్యక్షంగా చూసింది. సేవ చేయడానికి ఆఫ్రికా దాకా పోనవసరం లేదని ఆమెకు నమ్మకం కుదిరింది.

1898లో ఆల్బర్టస్ బెతూన్‌తో ఆమెకు వివాహం జరిగింది. మరుసటి ఏట ఒక కుమారుడు కలిగాడు. ఆ కుటుంబం ఫ్లోరిడా రాష్ట్రంలోని పలాట్కాకు చేరింది. అక్కడ ఉండగా, అట్లాంటిక్ తీరాన ఉన్న డేటోనా పట్టణం గురించి ఆమె విన్నది. ఆ తీరం వెంబడి రైలుమార్గం నిర్మాణమవుతున్నది. కూలిపని కోసం నల్లజాతి కుటుంబాలు పెద్దసంఖ్యలో వచ్చి గుడిసెలలో ఉంటున్నాయి. వారి పిల్లలకు బడి అన్నది దాదాపు లేదు. తెల్లవారి పిల్లలూ నల్లవారి పిల్లలూ ఒకే బడిలో చదవరాదని ఫ్లోరిడా 1885 రాజ్యాంగమే శాసించింది. వేరువేరు బడులన్నారు గాని, నల్లవారి బడులకు అందే సొమ్ము నామమాత్రం. అదే పట్టణంలో మరొకవైపు ఉత్తరాది కోటీశ్వరులు చలికాలం గడపడానికి కట్టుకున్న భవంతులూ హోటళ్ళూ ఉన్నాయి. బడి కావలసిన పిల్లలు, బడికి డబ్బు ఇవ్వగల ధనికులు ఒకే ఊళ్ళో ఉన్నారు. బెతూన్ డేటోనాను ఎంచుకోవడంలో దయతోపాటు లెక్క కూడా ఉన్నది.

1904 అక్టోబరు 3న ఆమె పాఠశాల ప్రారంభమైంది. అద్దెకు తీసుకున్న చిన్న ఇల్లు, నెలకు 11 డాలర్ల బాడుగ. ఆమె చేతిలో ఉన్న సొమ్ము ఒకటిన్నర డాలరు. చేరినవారు ఐదుగురు బాలికలు. ఆమె ఐదేళ్ళ కుమారుడు ఆల్బర్ట్ ఆరవ విద్యార్థి. సరుకులు వచ్చిన చెక్కపెట్టెలు బల్లలూ కుర్చీలూ అయ్యాయి. కాలిన పుల్లల బొగ్గు పెన్సిలు అయింది. ఎల్డర్ చెట్టు పండ్లను పిండిన రసం సిరా అయింది. హోటళ్ళ వెనుక చెత్తలో పారవేసిన పగిలిన పింగాణీ, వంగిన పాత్రలు, కాలు విరిగిన కుర్చీలు ఏరుకొచ్చి, కడిగి, అతికించి, మేకులు కొట్టి వాడుకున్నారు. చెట్ల కొమ్మలకు వేలాడే బూడిదరంగు నాచును ఉడకబెట్టి, ఎండబెట్టి, గోనెసంచులలో కూరి పరుపులు చేశారు. ఏడాది తిరిగేసరికి బాలికల సంఖ్య ముప్పై దాటింది. పలువురు అక్కడే ఉండి చదువుకునేవారు. కనుక వారి భోజనం కూడా బెతూన్ చూసుకోవలసినదే.

ఈ దశలోనే అడగడం ఆమెకు వృత్తి అయింది. పాత సైకిలు ఎక్కి ఇంటింటికీ తిరిగేది. నల్లజాతి చర్చిలలో మాట్లాడేది. బాలికల చేత హోటళ్ళలో పాటలు పాడించి పళ్ళెం తిప్పేది. చిలగడదుంపలతో తీపి రొట్టెలు చేసి రైలుపని కూలీలకు అమ్మేది. చిలగడదుంప పేదవాని పంట. ఆ పేదవాని పంటను పేదవానికే అమ్మి, ఆ పైసలతో పేదవాని కూతురికి చదువు చెప్పడమన్నమాట. కోటీశ్వరుల దానాల గురించి రాసేవారు ఈ భాగాన్ని కొంత తేలికగా దాటిపోతారు. నిజానికి పాఠశాల మొదటి సంవత్సరాలలో నిలబడింది ఈ చిల్లర నాణేల మీదనే.

అద్దె ఇల్లు చాలకపోవడంతో ఆమె సొంత స్థలం కోసం వెదికింది. ఊరిలోని చెత్తంతా పోసే బురదనేల ఒకటి కంటబడింది. జనం దానిని నరకకూపమని పిలిచేవారు. యజమాని 250 డాలర్లు అడిగాడు. ముందుగా 5 డాలర్లు ఇచ్చి, తక్కినది రెండేళ్ళలో తీర్చే విధంగా ఒప్పందమైంది. ఆ ఐదు డాలర్లు కూడా ఆమె దగ్గర లేవు. ఐస్‌క్రీమూ తీపి రొట్టెలూ అమ్మి కూడబెట్టిన చిల్లరను చేతిరుమాలులో మూటగట్టుకుని వెళ్ళి యజమాని ముందు పెట్టింది. ఈ విషయాన్ని ఆమె 1941లో రాసిన ఒక వ్యాసంలో తానే వివరించింది. చెత్త తొలగించి, గోతులు పూడ్చి ఆ నేలమీద కట్టిన మొదటి భవనం ‘ఫెయిత్ హాల్’. అనగా విశ్వాస మందిరం. 1907లో విద్యార్థినులు అందులోకి మారేనాటికి పని ఇంకా పూర్తికాలేదు. ఆ సంవత్సరమే ఆమె సంసారం విచ్ఛిన్నమైంది. ఆల్బర్టస్ బెతూన్ డేటోనా విడిచి వెళ్ళిపోయాడు. పాఠశాలే లోకంగా బతికే భార్యతో జీవించడం అతనికి సులభం కాలేదేమో. పాఠశాల కోసం ఆమె వెచ్చించినది కేవలం శ్రమ మాత్రమే కాదని ఇది సూచిస్తుంది.

సంపన్నుల దగ్గర ఆమె నడచుకున్న తీరు గమనింపదగినది. సబ్బుల తయారీలో పేరుపొందిన ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థకు చెందిన జేమ్స్ గాంబుల్ శీతకాలం డేటోనాలో గడిపేవాడు. ఆమె ఆయనను డబ్బు అడగలేదు. పాఠశాల ధర్మకర్తగా ఉండమని అడిగింది. ఆయన చూడడానికి వచ్చి, చెక్కపెట్టెలు తప్ప మరేమీ కనబడక, ఇంతకూ పాఠశాల ఎక్కడ ఉందని ప్రశ్నించాడు. అది తన మనస్సులో ఉన్నదని ఆమె సమాధానం. ఉన్నదానికి సహాయం చేయమని కాదు, లేనిదానిని నిర్మించడంలో భాగస్వామి కమ్మని ఆమె ఆహ్వానం. గాంబుల్ అంగీకరించి, 1932లో మరణించేవరకు ఆ సంస్థకు అండగా నిలిచాడు. కుట్టుమిషన్ల పారిశ్రామికవేత్త థామస్ వైట్ మరొక ముఖ్యదాత. 1916లో కట్టిన పెద్ద భవనానికి ఆయన పేరు పెట్టారు.

దాతల సొమ్ముతో పాటు దాతల అభిప్రాయాలు కూడా వస్తాయి. నల్లజాతివారికి ఎటువంటి చదువు కావాలన్నది ఆనాటి పెద్ద వివాదం. అలబామాలో టస్కిగీ విద్యాసంస్థ స్థాపకుడైన బుకర్ టి. వాషింగ్టన్ వృత్తివిద్యకు ప్రాధాన్యమిచ్చాడు. ముందు చేతిపని నేర్చి ఆర్థికంగా నిలదొక్కుకోవాలని ఆయన వాదం. డబ్ల్యు. ఇ. బి. డూబోయిస్ దీనిని ఖండించాడు. ఉన్నతవిద్య లేనిదే నాయకులు తయారుకారని, నాయకులు లేనిదే హక్కులు రావని ఆయన పక్షం. తెల్లజాతి దాతలలో అనేకులకు మొదటి వాదమే ఇష్టం. నల్లజాతి బాలికలు వంట, కుట్టు, చాకిరేవు పని బాగా నేర్చుకుంటే మంచి పనిమనుషులు దొరుకుతారన్న స్వార్థం కూడా అందులో లేకపోలేదు. బెతూన్ పాఠశాల పేరులోనే పారిశ్రామిక శిక్షణ అన్న మాట ఉంది. వంట, కుట్టు, తోటపని అక్కడ తప్పనిసరి. బాలికలు పండించిన కూరగాయలు ఊళ్ళో అమ్మేవారు. 1912లో వాషింగ్టన్ స్వయంగా వచ్చి పాఠశాలను చూశాడు. కాని ఆమె అక్కడితో ఆగలేదు. ప్రాథమిక తరగతులపై ఉన్నతపాఠశాల తరగతులు చేర్చింది. ఆపై ఉపాధ్యాయ శిక్షణ, నర్సింగ్ శిక్షణ ప్రవేశపెట్టింది. చివరకు కళాశాల దాకా తీసుకువెళ్ళింది. వాషింగ్టన్ భాషలో మాట్లాడి, డూబోయిస్ కోరిన చోటికి ఆమె చేరిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

నర్సింగ్ శిక్షణకు వెనుక ఒక దుర్ఘటన ఉన్నది. ఒక విద్యార్థినికి అపెండిసైటిస్ వచ్చి వెంటనే శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. దగ్గరలో నల్లజాతివారిని చేర్చుకునే ఆసుపత్రి లేదు. బెతూన్ ప్రాధేయపడగా తెల్లవారి ఆసుపత్రి వైద్యుడు శస్త్రచికిత్స చేయడానికి ఒప్పుకున్నాడు. కొన్నాళ్ళకు ఆమె చూడబోతే, ఆ పిల్లను వంటగది వెనుక వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. ఆమె ఎవరితోనూ వాదులాడలేదు. 1911లో పాఠశాల పక్కనే చిన్న ఆసుపత్రి ప్రారంభించి తల్లిదండ్రుల ఇంటిపేరుతో దానికి మెక్లౌడ్ ఆసుపత్రి అని పేరు పెట్టింది. మొదట అందులో రెండు మంచాలు ఉండేవి. క్రమంగా ఇరవై అయ్యాయి. 1918లో విషజ్వరాలు దేశమంతటా ప్రబలినప్పుడు ఆ ఆసుపత్రీ దాని నర్సులూ చేసిన సేవ గొప్పది. 1927లో ఆ బాధ్యతను పట్టణపాలక సంస్థ స్వీకరించింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం పాఠశాలలో సభ జరిగేది. బాలికల గానం వినడానికి ఊరిలోని తెల్లవారు, హోటళ్ళలోని యాత్రికులు వచ్చేవారు. దాతలు దొరికేది ఈ సభలలోనే. దక్షిణాదిలో రైళ్ళలో, హోటళ్ళలో, న్యాయస్థానాలలో కూడా తెల్లవారికి వేరు ఆసనాలు ఉండే కాలమది. ఆమె సభలో అటువంటి ఏర్పాటు లేదు. ఎవరు ముందు వస్తే వారు ముందు కూర్చోవాలి. డబ్బు ఇవ్వగలవాడు ఏ ఇబ్బందికైనా నొచ్చుకుని వెళ్ళిపోతే నష్టం పాఠశాలకే. అది తెలిసి కూడా ఆమె ఈ నియమాన్ని సడలించలేదు.

ఇంతకంటె పెద్ద ప్రమాదం ఎన్నికలవల్ల వచ్చింది. 1920లో అమెరికా స్త్రీలకు ఓటుహక్కు లభించింది. ఫ్లోరిడాలో ఓటు వేయాలంటే ముందు ప్రత్యేకమైన పన్ను చెల్లించాలి. పేదవారిని, ముఖ్యంగా నల్లజాతివారిని దూరంగా ఉంచడానికి చేసిన ఏర్పాటు అది. బెతూన్ పన్ను సొమ్ము కోసం చందాలు పోగుచేసింది. రాత్రిబడి పెట్టి ఓటర్లకు చదువు చెప్పింది. ఆ రోజులలోనే ఒక ఎన్నికల ముందు కూ క్లక్స్ క్లాన్ సభ్యులు దాదాపు ఎనభైమంది తెల్ల ముసుగులు ధరించి పాఠశాలలోకి వచ్చారు. నల్లవారిని భయపెట్టి, కొట్టి, చంపడానికి కూడా వెనుదీయని రహస్యసంస్థ అది. బెతూన్ దీపాలన్నీ వెలిగించి తాను బయట నిలిచిందనీ, బాలికలు భక్తిగీతాలు పాడారనీ చెబుతారు. ముసుగువారు కొంతసేపు ఉండి వెళ్ళిపోయారు. మరునాడు నల్లజాతి ఓటర్లు ఆమె వెంట వెళ్ళి, గంటలకొద్దీ వరుసలో నిలబడి ఓటు వేశారు.

1923లో ఆమె సంస్థ జాక్సన్‌విల్‌లోని కుక్మన్ ఇన్‌స్టిట్యూట్‌తో విలీనమైంది. అది 1872లో మెథడిస్ట్ చర్చివారు నల్లజాతి విద్యార్థుల కోసం స్థాపించిన సంస్థ. ఈ కలయికవల్ల ఒక చర్చి అండ దొరికింది. ఆదాయానికి కొంత నిలకడ వచ్చింది. బాలికల పాఠశాల మాత్రం సహవిద్యా సంస్థగా మారింది. బాలికల కోసమే పుట్టిన బడి ఆ ప్రత్యేకతను కోల్పోవడం ఒక నష్టమే. అయినా ఒక మనిషి ఊపిరి మీద ఆధారపడిన సంస్థ ఆ మనిషితోనే పోతుందని బెతూన్ ఎరుగును. 1931లో దానికి బెతూన్ కుక్మన్ కళాశాల అన్న పేరు స్థిరపడింది. పత్తిచేలో పుట్టిన పిల్ల పేరు ఒక కళాశాల ముఖద్వారం మీద నిలిచింది. నాలుగేళ్ళ పట్టవిద్య ఏర్పడి, 1943లో మొదటి పట్టభద్రులు బయటికి వచ్చారు.

ఈలోపు ఆమె కీర్తి దేశమంతటా వ్యాపించింది. 1924 నుంచి 1928 వరకు నల్లజాతి మహిళా సంఘాల జాతీయ సమాఖ్యకు అధ్యక్షత వహించింది. 1935లో నల్లజాతి మహిళల జాతీయ మండలిని స్థాపించింది. ఆర్థికమాంద్యం కాలంలో యువకులకు చదువూ ఉపాధీ కల్పించడానికి అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఒక సంస్థను ఏర్పరచగా, 1936 నుంచి అందులో నల్లజాతి యువజన వ్యవహారాల బాధ్యత ఆమె చేపట్టింది. అమెరికా కేంద్రప్రభుత్వంలో ఒక విభాగాన్ని నడిపిన తొలి నల్లజాతి మహిళ ఆమెయే. అక్కడ కూడా ఆమె చేసినది అడగడమే. కాకపోతే ఇప్పుడు అడిగింది ఒక్క బడి కోసం కాదు.

1938లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో ఒక మహాసభ జరిగింది. అధ్యక్షస్థానంలో ఉన్న తెల్లజాతి మహిళ ఆమెను వేదికమీదికి పిలుస్తూ ‘మేరీ’ అన్నది. దక్షిణాదిలో నల్లవారు ఎంత పెద్దవారైనా వారికి శ్రీ, శ్రీమతి వంటి గౌరవవాచకాలు వాడేవారు కారు. పేరు పెట్టి పిలవడమే రివాజు. పెద్దవారి పేరు చివర గారు లేకపోతే చెవికి గుచ్చుకునే మనవంటివారికి ఇందులోని అవమానం సులభంగా అర్థమవుతుంది. తన పేరు మిసెస్ బెతూన్ అని ఆమె లేచి సభలోనే చెప్పింది. అధ్యక్షురాలు సవరించుకుని పిలిచింది. చిన్న విషయమని కొందరికి తోచవచ్చు. ఆ సభలో ఉన్నవారు మాత్రం దశాబ్దాల తరువాత కూడా దీనిని తలచుకున్నారు.

వాషింగ్టన్‌లో పని, డేటోనాలో కళాశాల, ఉబ్బసం వ్యాధి, ఈ మూడూ కలిసి ఆమెను అలసిపోయేటట్లు చేశాయి. 1942లో కళాశాల అధ్యక్షపదవిని విడిచిపెట్టింది. మరలా అవసరం ఏర్పడగా 1946లో వచ్చి ఒక సంవత్సరం నిర్వహించింది. ఈ మధ్యకాలంలో 1944లో టస్కిగీ అధ్యక్షుడు ఫ్రెడరిక్ పాటర్సన్ చొరవతో, ఆమె సహకారంతో నల్లజాతి కళాశాలలు కలిసి ఒక ఉమ్మడి నిధిని స్థాపించాయి. ఇరవైయేడు కళాశాలలు అందులో చేరాయి. ఒకే దాత గుమ్మంలో ఒకరి వెనుక ఒకరు నిలబడి చేయి చాచడం కంటె, అందరూ కలిసి ఒక్కసారి దేశాన్ని అడగడం మేలన్నది అందులోని ఆలోచన. చేతిరుమాలులో చిల్లర మూటగట్టుకుని ఒంటరిగా నడిచిన స్త్రీకి ఆ ఆలోచన విలువ ఎవరూ చెప్పనక్కరలేదు.

1953లో ఆమె తన ఇంటిని ఒక ధర్మసంస్థకు అప్పగించింది. 1955 మే 18న ఆ ఇంటనే గుండెపోటుతో మరణించింది. కళాశాల ఆవరణలో, ఇంటి వెనుక ఆమె సమాధి ఉన్నది. కళాశాల 2007లో విశ్వవిద్యాలయమైంది. అమెరికా పార్లమెంటు భవనంలో ప్రతి రాష్ట్రం తరఫున ఇద్దరి విగ్రహాలు నెలకొల్పే సంప్రదాయం ఉన్నది. 2022 జూలైలో ఫ్లోరిడా రాష్ట్రం తరఫున బెతూన్ పాలరాతి విగ్రహాన్ని అక్కడ ఆవిష్కరించారు. ఒక రాష్ట్రానికి ప్రతినిధిగా ఆ మందిరంలో స్థానం పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. అంతకుముందు ఫ్లోరిడా తరఫున అక్కడ ఉన్న విగ్రహం ఎడ్మండ్ కర్బీ స్మిత్‌ది. అంతర్యుద్ధంలో, బానిసత్వాన్ని నిలబెట్టుకోవాలని విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల పక్షాన అతడు సేనాధిపతి.